లూప్‌లో అతుకు ఎక్కడ దాక్కుంటుంది

వాన శబ్దం ఒక నిమిషం రికార్డ్ చేసి ప్లేయర్‌లో రిపీట్ పెడితే మొదటి రౌండ్ హాయిగా వెళ్తుంది. రెండో రౌండ్ మొదలయ్యే చోట మూడింట్లో ఏదో ఒకటి జరుగుతుంది, సన్నగా "టిక్" మంటుంది, లేదా వాన ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకున్నట్టు ఉంటుంది, లేదా టిక్కూ లేదు గ్యాపూ లేదు కానీ ఇక్కడేదో అతికించారని చెవికి తెలిసిపోతుంది. ఇవి మూడు వేర్వేరు సమస్యలు, మూడింటికీ కారణాలు వేరు. ట్యుటోరియల్స్ ఎక్కువగా మొదటిదాన్నే పట్టుకుని "జీరో క్రాసింగ్ దగ్గర కట్ చెయ్యండి, అయిపోయింది" అంటాయి. నిజానికి అన్నిటికన్నా తేలికైన సమస్య అదే.

ముందు ఆ టిక్ సంగతి చూద్దాం. డిజిటల్ ఆడియో అంటే వరసగా పేర్చిన నంబర్లే, ఒక్కో నంబర్‌ని శాంపిల్ అంటారు, సీడీ క్వాలిటీలో సెకనుకి 44,100. వేవ్‌ఫార్మ్‌ని బాగా జూమ్ చేస్తే ఒక్కో నంబర్ ఒక్కో చుక్కలా కనిపిస్తుంది. క్లిప్ చివరి చుక్క 0.62 దగ్గర ఉందనుకోండి, మొదటి చుక్క మైనస్ 0.31 దగ్గర ఉంది, లూప్ తిరిగినప్పుడు స్పీకర్ కోన్ ఆ ఎత్తు నుంచి ఈ లోతుకి ఒకే శాంపిల్‌లో దూకాలి, అంటే సుమారు 23 మైక్రోసెకన్లలో. మామూలు సౌండ్‌లో అంత నిట్టనిలువు మెట్టు ఉండదు. ఉన్నట్టుండి మెట్టు వస్తే అందులో కింది నుంచి పై దాకా అన్ని ఫ్రీక్వెన్సీలూ కొద్దికొద్దిగా ఉంటాయి, అందుకే ఎలాంటి సౌండ్ మధ్యలో వచ్చినా అది ఒకేలా టిక్‌మంటుంది.

మెట్టు లేకుండా చెయ్యాలంటే రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉండాలి, అందరికీ అందుబాటులో ఉన్న ఎత్తు సున్నా కాబట్టి వేవ్ మధ్య గీతని దాటే చోట, అంటే జీరో క్రాసింగ్ దగ్గర, కట్ చెయ్యమంటారు. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో సెలక్షన్ చేసి జెడ్ కీ నొక్కితే అంచులు దగ్గర్లో ఉన్న జీరో క్రాసింగ్‌కి జరుగుతాయి. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఎత్తు కలిస్తే చాలదు, దిశ కూడా కలవాలి. చివర్లో వేవ్ పైకి పోతూ సున్నా దాటుతుంటే, మొదట్లో కూడా పైకి పోతూనే దాటాలి, లేకపోతే ఎత్తు కలిసినా గీత అక్కడ విరిగినట్టు వంగుతుంది, ఫ్లూట్ లాంటి నున్నటి సౌండ్‌లో అది కూడా చిన్న టప్‌లా వినిపిస్తుంది. ఇంకోటి, స్టీరియో ఫైల్‌లో లెఫ్ట్ చానెల్ సున్నా దాటే చోటే రైట్ చానెల్ కూడా దాటుతుందని గ్యారంటీ ఏమీ లేదు, చాలాసార్లు దాటదు. పైగా రికార్డింగ్‌లో డీసీ ఆఫ్‌సెట్ ఉంటే, అంటే వేవ్ మొత్తం మధ్య గీతకి కాస్త పైనో కిందో కూర్చుని ఉంటే, స్క్రీన్ మీద కనిపించే సున్నా అసలు ఆ సౌండ్‌కి సున్నానే కాదు. ఆడాసిటీ నార్మలైజ్ ఎఫెక్ట్‌లో దాన్ని తీసేసే టిక్‌బాక్స్ ఉంది, లూప్ పని మొదలుపెట్టే ముందే అది చేసుకోవడం మంచిది.

అందుకే జీరో క్రాసింగ్ కోసం గంటలకొద్దీ వెతికే బదులు అతుకు దగ్గర ఐదో పదో మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ ఇవ్వడం తెలివైన పని. టేప్ రోజుల్లోనే ఈ సంగతి తెలుసు. రేజర్ బ్లేడుతో టేప్‌ని నిలువుగా కాకుండా ఏటవాలుగా కోసేవాళ్ళు, పావు అంగుళం టేప్‌ని 45 డిగ్రీల్లో కోస్తే ఆ కోత టేప్ పొడవునా పావు అంగుళం పరుచుకుంటుంది, సెకనుకి 15 అంగుళాల స్పీడ్‌లో అది దాదాపు 17 మిల్లీసెకన్లు. ఒక సౌండ్ తగ్గుతూ ఇంకోటి పెరుగుతూ ప్లేయర్‌లోని టేప్ హెడ్‌ని దాటే ఆ కాస్త టైమే క్రాస్‌ఫేడ్. సాఫ్ట్‌వేర్ కొత్తగా కనిపెట్టిందేం కాదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పని ఒకటుంది, క్లిప్ మొదట్లో ఫేడ్ ఇన్, చివర్లో ఫేడ్ అవుట్ పెట్టేస్తారు. టిక్ పోతుంది, నిజమే, కానీ ప్రతి రౌండ్‌కీ సౌండ్ సున్నాకి పడి లేస్తుంది. ఫేడ్‌కీ క్రాస్‌ఫేడ్‌కీ తేడా ఇదే, క్రాస్‌ఫేడ్‌లో ఒకటి తగ్గుతున్నంతసేపు రెండోది దాని మీదే పెరుగుతూ ఉండాలి, రెండూ ఒకదాని మీద ఒకటి పడాలి. మరి క్లిప్ చివర తర్వాత ఏమీ లేదు, మొదటికి ముందు ఏమీ లేదు, దేని మీద దేన్ని వెయ్యాలి?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. క్లిప్‌ని మధ్యలో ఎక్కడో ఒక చోట రెండు ముక్కలు చేసి వాటి స్థానాలు మార్చెయ్యాలి. వెనక ముక్క ముందుకి, ముందు ముక్క వెనక్కి. ఇప్పుడు కొత్త క్లిప్ మొదటి శాంపిల్, చివరి శాంపిల్ ఏవి అని చూస్తే, అవి ఒరిజినల్ రికార్డింగ్‌లో పక్కపక్కనే ఉన్నవి! అంటే లూప్ తిరిగే చోట అతుకన్నదే లేదు, అక్కడ సౌండ్ సహజంగా ఎలా నడిచిందో అలాగే నడుస్తుంది. మరి అతుకు ఎక్కడికి పోయింది? క్లిప్ నడిమధ్యకి వచ్చి కూర్చుంది, పాత చివర పాత మొదలుని తాకే చోట. అక్కడైతే దానికి అటూ ఇటూ సౌండ్ ఉంది, కళ్ళకి కనిపిస్తుంది, రెండు ముక్కల్నీ ఒకదాని మీదకి ఒకటి జరిపి ఎంత కావాలంటే అంత క్రాస్‌ఫేడ్ ఇవ్వొచ్చు, నచ్చకపోతే అన్‌డూ కొట్టి మళ్ళీ చెయ్యొచ్చు. సీమ్‌లెస్ లూప్ అంటే అతుకు లేని లూప్ కాదు, అతుకుని చెయ్యి పెట్టలేని అంచు నుంచి చెయ్యి పెట్టగలిగే చోటికి తెచ్చుకున్న లూప్. గాలి, వాన, ట్రాఫిక్, జనం గోల, ఫ్యాన్ హోరు లాంటి తాళం లేని సౌండ్లన్నిటికీ ఈ ఒక్క పద్ధతే సరిపోతుంది.

ఆడాసిటీలో అయితే కట్ చెయ్యాల్సిన చోట కర్సర్ పెట్టి కంట్రోల్ ఐ కొడితే క్లిప్ రెండవుతుంది. ముందు ముక్కని కింద కొత్త ట్రాక్‌లోకి లాగి, వెనక ముక్క అయిపోవడానికి ఒక మూడు సెకన్ల ముందు అది మొదలయ్యేలా పెట్టి, ఆ మూడు సెకన్లు రెండు ట్రాకుల్లోనూ సెలెక్ట్ చేసి క్రాస్‌ఫేడ్ ట్రాక్స్ ఎఫెక్ట్ ఇస్తే చాలు, తర్వాత రెండింటినీ మిక్స్ చేసుకోవాలి. రీపర్ అనే ఇంకో ఎడిటర్‌లో ఆటో క్రాస్‌ఫేడ్ ఆన్ చేసి ఉంటే ఒక ఐటమ్‌ని ఇంకో దాని మీదకి లాగితే సరిపోతుంది. 60 సెకన్ల క్లిప్ మీద మూడు సెకన్ల క్రాస్‌ఫేడ్ ఇస్తే చివరికి 57 సెకన్ల లూప్ మిగులుతుంది, కాబట్టి రికార్డ్ చేసేటప్పుడే కాస్త ఎక్కువ తీసుకోవడం మంచిది. ఇక కట్ ఎక్కడ చెయ్యాలంటే సరిగ్గా సగంలోనే అని రూలేం లేదు, ఏ ప్రత్యేకమైన చప్పుడూ లేకుండా సౌండ్ సమానంగా పారుతున్న చోట చేస్తే చాలు.

క్రాస్‌ఫేడ్ కర్వ్ దగ్గర చాలామంది డీఫాల్ట్‌ని వదిలేస్తారు, కానీ వాన లూప్ మధ్యలో వాల్యూమ్ కొంచెం కుంగినట్టు అనిపిస్తే తప్పు అక్కడే ఉంటుంది. లీనియర్ క్రాస్‌ఫేడ్ మధ్యలో రెండు సౌండ్లూ చెరి సగానికి వస్తాయి. రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేని సౌండ్లయితే, వాన రెండు వేర్వేరు క్షణాల్లో ఎలాగూ అంతే కదా, వాటి మొత్తం పవర్ 3 డెసిబెల్స్ పడిపోతుంది. ఈక్వల్ పవర్ కర్వ్ పెడితే మధ్యలో రెండూ 0.707 దగ్గర ఉంటాయి, పవర్ నిలకడగా ఉంటుంది. ఆడాసిటీలో దీన్ని కాన్‌స్టెంట్ పవర్ అంటారు. అలాగని ఎప్పుడూ అదే పెట్టకూడదు, రెండు వైపులా దాదాపు ఒకే వేవ్ ఫేజ్ కలిసి, అంటే ఎత్తుపల్లాలు ఒకేసారి వచ్చేలా ఉంటే, ఉదాహరణకి సింథ్‌లో ఒకే నోట్ సాగుతుంటే, ఈక్వల్ పవర్ దాన్ని 3 డెసిబెల్స్ ఉబ్బిస్తుంది, అక్కడ లీనియరే కరెక్ట్. అదే నోట్ ఫేజ్ ఎదురుతిరిగి ఉంటే మాత్రం ఏ కర్వ్ కూడా కాపాడదు, మధ్యలో రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సౌండ్ మాయమవుతుంది, అప్పుడు ఒక ముక్కని అటో ఇటో జరిపి శిఖరాలు శిఖరాల మీదకి వచ్చేలా చూసుకోవాలి. కరెంట్ హమ్ ఉన్న రికార్డింగ్‌లో ఇది బాగా తెలుస్తుంది. 50 హెర్ట్జ్ హమ్ ప్రతి 20 మిల్లీసెకన్లకి ఒక చుట్టు తిరుగుతుంది, అంటే 44.1 కిలోహెర్ట్జ్‌లో 882 శాంపిల్స్, 60 హెర్ట్జ్ అయితే 735. ముక్కల్ని జరిపేది ఆ లెక్క ప్రకారం జరిపితే క్రాస్‌ఫేడ్ మధ్యలో హమ్ ఊగదు.

మ్యూజిక్ లూప్ సంగతి వేరే, అక్కడ పొడవు మన ఇష్టం కాదు, బీట్ చెప్పినంత ఉండాలి. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) ఒక బీట్ అర సెకను, నాలుగు బీట్ల బార్ రెండు సెకన్లు, 88,200 శాంపిల్స్, లెక్క నున్నగా ఉంటుంది. 128 బీపీఎంకి వచ్చేసరికి ఒక బీట్ 20,671.875 శాంపిల్స్, ఒక బార్ 82,687.5. సగం శాంపిల్‌ని కట్ చెయ్యడం కుదరదు కదా, అదే నాలుగు బార్లు తీసుకుంటే సరిగ్గా 3,30,750. లేదా ప్రాజెక్ట్‌ని 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకుంటే ఒక బీటే సరిగ్గా 22,500 శాంపిల్స్ అవుతుంది. ఒక్క లూప్ విడిగా తిరుగుతుంటే అర శాంపిల్ తేడా ఎవరికీ వినపడదు, నిజం చెప్పాలంటే పట్టించుకోనక్కర్లేదు. కానీ గేమ్‌లో డ్రమ్స్ ఒక ఫైల్, బేస్ ఒక ఫైల్, ఒకటి నాలుగు బార్లు, ఇంకోటి ఒక బార్, రెండూ పక్కపక్కనే గంటలకొద్దీ తిరుగుతున్నప్పుడు ఆ అర శాంపిల్ రౌండ్ రౌండ్‌కీ పోగవుతూ పోతుంది. మౌస్‌తో కంటికి ఆనిన చోట కట్ చేసినవాళ్ళకి తేడా శాంపిల్స్‌లో కాదు మిల్లీసెకన్లలోనే ఉంటుంది, వాళ్ళకి పది రౌండ్లలోనే తాళం కుంటుతుంది. సెలక్షన్ టూల్‌బార్‌లో లెంగ్త్‌ని శాంపిల్స్‌కి మార్చుకుని నంబర్ టైప్ చెయ్యడం ఒక్కటే దీనికి సరైన దారి.

పొడవు శాంపిల్ దాకా సరిగ్గా ఉన్నా మ్యూజిక్ లూప్ చెడిపోయే ఇంకో చోటుంది, అదే టెయిల్. చివరి బీట్ మీద కొట్టిన సింబల్ ఇంకా మోగుతూనే ఉంటుంది, రివర్బ్ ఇంకా గదిలో తిరుగుతూనే ఉంటుంది, ఇంతలో బార్ అయిపోయిందని కత్తి పడుతుంది. టిక్ రాకపోవచ్చు కానీ రెండో రౌండ్ ఒక్కసారిగా పొడిబారినట్టు మొదలవుతుంది. దీనికి విరుగుడు, తెగిపోయిన ఆ టెయిల్‌ని తీసుకెళ్ళి లూప్ మొదట్లో కలిపెయ్యడం. లూప్‌ని టెయిల్‌తో సహా రెండర్ చేసి, అంటే ఆడియో ఫైల్‌గా బయటికి తీసి, బార్ దాటిన భాగాన్ని కట్ చేసి, ఇంకో ట్రాక్‌లో సున్నా దగ్గర పెట్టి మిక్స్ చెయ్యాలి, అంతే. ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పోర్ట్‌లో ఈ పని తనే చేసే ఆప్షన్ ఉంది, టెయిల్ దగ్గర ర్యాప్ రిమైండర్ అని. లేదంటే టైమ్‌లైన్ మీద అదే బార్లని రెండుసార్లు పేర్చి మొత్తం రెండర్ చేసి రెండో రౌండ్‌ని మాత్రమే కోసుకోవచ్చు, మొదటి రౌండ్ టెయిల్ రెండో రౌండ్ మొదట్లోకి ఆపాటికే వచ్చి ఉంటుంది. రీపర్‌లో సెకండ్ పాస్ రెండర్ అనే చెక్‌బాక్స్ ఉన్నది ఇందుకే. ఒక చిన్న చిక్కు, ఇలా చేసిన లూప్ మొట్టమొదటిసారి ప్లే అయినప్పుడు ఎవరూ కొట్టని సింబల్ టెయిల్ మొదట్లో వినిపిస్తుంది. పాట మధ్యలో వాడేదైతే పర్లేదు, సైలెన్స్ నుంచి మొదలయ్యేదైతే ఇంట్రో విడిగా ఒక ఫైల్, లూప్ విడిగా ఒక ఫైల్ చేసుకోవాలి.

శాంప్లర్లలో, అంటే రికార్డ్ చేసిన సౌండ్‌ని కీబోర్డ్ మీద నోట్లుగా వాయించే పరికరాల్లో, లూప్ ఇంకా చిన్నదవుతుంది. 1981లో వచ్చిన ఈ-ము ఎమ్యులేటర్‌లో మెమరీ 128 కిలోబైట్లే, రెండు సెకన్ల పాటి సౌండ్ పడుతుంది, కీ నొక్కినంతసేపు నోట్ మోగాలంటే ఆ కాస్త ముక్కలోనే ఒక భాగాన్ని తిప్పి తిప్పి వాడాలి. అలా ఒకే ఒక్క సైకిల్‌ని, అంటే వేవ్ ఒక చుట్టుని, లూప్ చేసినప్పుడు లూప్ పొడవే శ్రుతి అయిపోతుంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో 100 శాంపిల్స్ లూప్ 441 హెర్ట్జ్ పలుకుతుంది, ఒక్క శాంపిల్ పెంచి 101 చేస్తే 436.6కి దిగుతుంది, అంటే 17 సెంట్లు (పక్కపక్క స్వరాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంట్), మ్యూజిక్ తెలిసిన చెవికి బాగానే గుచ్చుకుంటుంది. అందుకే ఒక సైకిల్ కాకుండా పదీ ఇరవై సైకిళ్ళు కలిపి లూప్ చేస్తారు, ఒక శాంపిల్ తేడా అన్ని సైకిళ్ళకీ పంచుకుపోతుంది. ముందుకీ వెనక్కీ తిరిగే పింగ్ పాంగ్ లూప్ కూడా ఒకటుంది, మెట్టు ఎప్పటికీ రాదు కాబట్టి సులువుగా కనిపిస్తుంది, సాగే స్ట్రింగ్స్‌కి పనికొస్తుంది, కానీ మీటు, దరువు లాంటివేవైనా లోపల ఉంటే వెనక్కి తిరిగేటప్పుడు పీల్చుకున్నట్టు వినిపించి దొరికిపోతుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ అతుకు దగ్గర సమస్యలు. అతుకు నూటికి నూరుపాళ్ళు నున్నగా ఉన్నా లూప్ దొరికిపోయే సందర్భం ఒకటుంది, వినేవాళ్ళ జ్ఞాపకం. ఐదు సెకన్ల వాన లూప్‌లో ఒక చుక్క రేకు మీద "టంగ్" మని పడిందంటే, అది మూడోసారి వినపడేసరికి చెవి దానికోసం ఎదురుచూడటం మొదలుపెడుతుంది, ఇక వాన వినపడదు, ఆ టంగే వినపడుతుంది. గుర్తుపట్టడానికి అలాంటి చప్పుడే ఉండాలని కూడా లేదు. 1963లో గట్‌మన్, జూలెజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఏ ఆకారమూ లేని వైట్ నాయిస్ ముక్కనే మళ్ళీ మళ్ళీ వినిపించి చూశారు. సెకనుకి ఒకటి నుంచి నాలుగుసార్లు తిరిగితే వినేవాళ్ళకి ఊష్ ఊష్ మని, అంతకన్నా వేగంగా, సెకనుకి 19 సార్ల దాకా అయితే మోటర్ బోట్‌లా వినిపించింది. నాయిస్ కదా ఎవరు గుర్తుపడతారు అనుకుని అర సెకను ముక్కతో బ్యాక్‌గ్రౌండ్ చేద్దామనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

దీనికి మందు పొడవు పెంచడమే, కానీ ఫైల్ సైజు కూడా పెరుగుతుంది. దాన్ని తప్పించుకోవడానికి లెక్కల ట్రిక్ ఒకటి వాడతారు. ఒకే సౌండ్‌ని పొరలుగా విడగొట్టి, హోరు ఒక లూప్, దగ్గరి చుక్కలు ఒక లూప్, గాలి ఒక లూప్ చేసి, వాటి పొడవులు 7, 11, 13 సెకన్లుగా పెడితే మూడూ మళ్ళీ ఒకేసారి మొదటికి రావడానికి 1,001 సెకన్లు పడుతుంది, పదహారున్నర నిమిషాల పైనే. నిల్వ చేసింది మొత్తం 31 సెకన్ల ఆడియో. అదే 6, 8, 12 అని పెడితే 24 సెకన్లకే అంతా రిపీట్, కాబట్టి ఉమ్మడి కారణాంకాలు లేని నంబర్లు చూసుకోవాలి. టంగ్ లాంటి చప్పుళ్ళని మాత్రం పొరల్లోంచి తీసేసి విడి ఫైళ్ళుగా పెట్టుకుని గేమ్ ఇంజిన్‌తో అడపాదడపా ప్లే చేయించడమే మేలు. ఇంకో సంగతి, వాన మొదట్లో సన్నగా మొదలై చివరికి పెద్దదైన రికార్డింగ్‌ని తీసుకుంటే క్రాస్‌ఫేడ్ ఎంత పొడుగు పెట్టినా ప్రతి రౌండ్‌కీ ఒకసారి వాన తగ్గడం తెలుస్తూనే ఉంటుంది, అలాంటప్పుడు ఎడిటింగ్‌తో కుస్తీ పట్టడం దండగ, వేరే ముక్క ఎంచుకోవాలి.

చివరిగా ఫైల్ ఫార్మాట్, ఎడిటర్‌లో అద్భుతంగా తిరిగిన లూప్ బయటికి వచ్చాక కుంటేది ఎక్కువగా ఇక్కడే. ఎంపీ3 సౌండ్‌ని 1,152 శాంపిల్స్ ఫ్రేములుగా కట్టలు కడుతుంది. పైన చెప్పిన 120 బీపీఎంలో నాలుగు బార్లు 3,52,800 శాంపిల్స్, 1,152తో భాగిస్తే 306.25 ఫ్రేములు, ఆ పావు ఫ్రేముని నింపడానికి ఎన్‌కోడర్ వెనక సైలెన్స్ తగిలిస్తుంది. ముందు కూడా తగులుతుంది, లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్ మామూలుగా 576 శాంపిల్స్, డీకోడర్ వైపు ఇంకో 529, రెండూ కలిపితే 44.1 కిలోహెర్ట్జ్‌లో 25 మిల్లీసెకన్లు. ఎంత సైలెన్స్ చేర్చిందో లేమ్ ఫైల్‌లోనే రాసిపెడుతుంది, దాన్ని చదివి కత్తిరించే ప్లేయర్లూ ఉన్నాయి, చదవని ప్లేయర్లో మాత్రం ప్రతి రౌండ్‌కీ చిన్న ఎక్కిలి తప్పదు. ఎడిటర్‌లోకి వెళ్ళి మళ్ళీ కట్ చేసి మళ్ళీ ఎంపీ3గానే సేవ్ చేస్తే అదే సైలెన్స్ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, కాబట్టి ఆ ప్రయత్నం వృథా. వేవ్ (.wav) ఫైల్‌కి ఈ గొడవ లేదు, పైగా లూప్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో రాసుకునే చోటు కూడా ఫైల్‌లోనే ఉంటుంది, శాంప్లర్లు దాన్ని చదువుకుంటాయి. సైజు తగ్గించాలంటే ఓగ్ వోర్బిస్ మంచిది, శాంపిల్ దాకా అసలు పొడవుని అది గుర్తుపెట్టుకుంటుంది, ఆర్‌పీజీ మేకర్ లాంటి గేమ్ తయారీ టూల్స్ అయితే ఓగ్ ఫైల్ ట్యాగుల్లో లూప్‌స్టార్ట్, లూప్‌లెంగ్త్ అని శాంపిల్ నంబర్లు రాస్తే ఇంట్రో ఒకసారి ప్లే చేసి లూప్ భాగాన్నే తిప్పుతాయి.

వెబ్ పేజీలో పెట్టే లూప్ అయితే ఫైల్ బాగున్నా చాలదు. మామూలు ఆడియో ట్యాగ్‌లో లూప్ ఆన్ చేస్తే కొన్ని బ్రౌజర్లలో రౌండ్ రౌండ్‌కీ సన్న గ్యాప్ వస్తుంది, వెబ్ ఆడియో ఏపీఐ ద్వారా ఫైల్ మొత్తం మెమరీలోకి డీకోడ్ చేసి లూప్ చేస్తే రాదు. అందుకే ఎడిటర్‌లో ఎల్ కీ నొక్కి లూప్ ప్లే విని ఓకే అనుకోవడం సగం టెస్టే. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌ని అది చివరికి ఎక్కడ మోగాలో ఆ యాప్‌లోనే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, స్క్రీన్ మీద కర్సర్ చూడకుండా వినాలి. కర్సర్ చివరికి వస్తోందని కంటికి తెలిస్తే చెవి లేని అతుకుని కూడా వినేస్తుంది.